ఆరు మణులు, సగం సృష్టి

“థానోస్ చేసినది అధర్మమని ఏ ప్రమాణంతో నిరూపిస్తారు?” దువ్వాడ పరిసరాలలో ఇంజనీరింగు చదువుతున్న యువకులు వేదాంతగోష్ఠులకు వచ్చినప్పుడు ఈ ప్రశ్న వేయడం ఇప్పుడు అరుదు కాదు. పెద్దలు కొందరు నవ్వి ఊరుకుంటారు. మరికొందరు “విదేశీయుల బొమ్మల కథలకు ఇక్కడ చోటు లేదు” అని కసురుకుంటారు. ఈ రెండూ సమాధానాలు కావు. ప్రశ్న బొమ్మల పుస్తకం నుండి వచ్చినంత మాత్రాన దాని బరువు తగ్గదు. పంచతంత్రంలో నక్క అడిగిన ప్రశ్నకు మనం సమాధానం వెదకడం లేదా?

ముందుగా గ్రంథస్వరూపం చూద్దాం. ‘ఇన్ఫినిటీ గాంట్లెట్’ అనే చిత్రకథ 1991లో ఆరు సంచికలుగా వెలువడి, ఆ తరువాత ఒకే సంపుటంగా పాఠకులకు అందింది. రచయిత జిమ్ స్టార్లిన్. చిత్రరచన జార్జ్ పెరెజ్ ఆరంభించగా, నడుమ నుండి రాన్ లిమ్ కొనసాగించాడు. కథ అంతా ప్రధానంగా అంతరిక్షంలోనే జరుగుతుంది. థానోస్ అనే మహాబలశాలి ఆరు మణులను సంపాదించి చేతితొడుగున పొదుగుకొని, మృత్యుదేవత ప్రేమను పొందడానికి చిటికె వేసి విశ్వంలోని జీవులలో సగాన్ని మాయం చేస్తాడు. ఇక్కడ ‘మృత్యుదేవత ప్రేమ’ అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. 2018లో వచ్చిన చలనచిత్రంలో ఈ హేతువు మారిపోయింది. అక్కడ థానోస్ జనాభా పెరిగి వనరులు తరిగిపోతున్నాయనీ, సగం పోతే మిగిలిన సగం సుఖపడుతుందనీ వాదిస్తాడు. మన కుర్రవాళ్ళకు తెలిసిన థానోస్ ఈ రెండవవాడే. తెలుగు అనువాదంలో అతనికి గొంతు ఇచ్చినది దగ్గుబాటి రానా. అంతకుముందే భల్లాలదేవునిగా చెవులకు అలవాటైన ఆ గంభీరస్వరం వాదానికి లేని బలాన్ని కూడా తెచ్చిపెట్టిందని నా అనుమానం.

సంపుటం చదివినవారి అభిప్రాయాలు పలు తెరగులు. ఇంతటి విశాలమైన విశ్వయుద్ధాన్ని కాగితంపై మరెవరూ గీయలేదని మెచ్చుకునేవారు ఉన్నారు. పూర్వకథ తెలియకపోతే సగం పాత్రలు ఎవరో అర్థం కావని విసుక్కునేవారూ ఉన్నారు. ఈ విసుగు న్యాయమైనదే. థానోస్ 1973లోనే ఐరన్ మ్యాన్ కథలో తొలిసారి కనబడ్డాడు. 1990 నాటి కథలలో అతడు మరణం నుండి తిరిగి లేచి మణులన్నీ కూడబెట్టాడు. అదంతా తెలియని పాఠకుడు ఉపోద్ఘాతం లేకుండా ఉద్యోగపర్వంలో అడుగుపెట్టినవానివలె తికమకపడతాడు. ఇక మన ప్రాంతంలో మరొక వర్గం ఉంది. “ఇదంతా మన పురాణాల నుండి ఎత్తుకుపోయినదే” అంటారు వారు. ఈ మాటను నేను అంగీకరించను. మనోవిజ్ఞాన పాఠంలో విన్న మృత్యుకాంక్ష అనే భావన నుండి థానోస్ పుట్టాడని స్టార్లినే చెప్పుకున్నాడు. ఆ పేరుకు మూలం గ్రీకుల మృత్యుదేవుడు థానటోస్. ఎక్కడ సామ్యం కనబడితే అక్కడ చౌర్యాన్ని ఆరోపించడం శాస్త్రం చదివినవారికి తగదు. సామ్యం కనబడినప్పుడు చేయవలసినది విచారణ.

విచారణకు తగిన స్థలం ఆ మణులలోనే ఉంది. ఆరు మణుల పేర్లు వరుసగా మనస్సు, ఆత్మ, దేశం, కాలం, శక్తి, యథార్థత. కణాదమహర్షి వైశేషికదర్శనంలో తొమ్మిది ద్రవ్యాలను పరిగణించాడు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు అని. ఆరు మణులలో నాలుగు ఈ పట్టికలోని చివరి నాలుగింటితో దాదాపు సరిపోతాయి. శక్తి వేరే పదార్థమా కాదా అన్నది మీమాంసకులకూ నైయాయికులకూ నడుమ చిరకాలంగా సాగిన వివాదం. ప్రాభాకరులు దానిని ప్రత్యేక పదార్థంగా ఒప్పుకున్నారు, నైయాయికులు ఒప్పుకోలేదు. ఇక యథార్థతామణి విషయంలో వైశేషికుడు సత్త అనే పరసామాన్యాన్ని చూపుతాడు గాని, దానిని వేలికి పెట్టుకోవచ్చునని కలలో కూడా అనుకోడు.

అసలు చిక్కు ఆత్మమణి దగ్గర వస్తుంది. వైశేషికంలో ఆత్మ జ్ఞానానికి ఆశ్రయం. ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం దాని గుణాలు. అట్టి ఆత్మను ఒకడు వస్తువువలె ధరించాడంటే, ధరించిన ఆ ‘ఒకడు’ ఎవడు? ధరించవలెననే ఇచ్ఛ ఎవనిది? కత్తి తనను తాను కోయలేదు, కన్ను తనను తాను చూడలేదు. అదే విధంగా జ్ఞాత జ్ఞేయంగా మారి తన పిడికిట్లోకి రాలేడు. అద్వైతి ఇంకొక మెట్టు పైకెక్కి, పిడికిట్లోకి వచ్చినది ఏదైనా అనాత్మయే అంటాడు. ఈ దృష్టితో చూస్తే థానోస్ వద్ద ఉన్నవి ఐదు మణులూ ఒక భ్రాంతీ మాత్రమే. చిత్రకథాకారుడు ఈ మాట చెప్పలేదు. కాని అతని కథ చివరికి ఈ మాటనే రుజువు చేసిందని నా అభిప్రాయం.

ఎలాగంటారా? అయిదవ సంచికను చూడండి. థానోస్ విశ్వరూపుడైన ఎటర్నిటీని ఓడించి, తానే విశ్వమై వ్యాపించాలని తన శరీరాన్ని విడిచి బయటకు వస్తాడు. తొడుగు మాత్రం ఆ విడిచిన శరీరపు చేతికే ఉండిపోతుంది. అతని చేత చిత్రహింసలు అనుభవించి జీవచ్ఛవంగా మిగిలిన నెబ్యులా నెమ్మదిగా వచ్చి ఆ తొడుగును లాగివేస్తుంది. అంతటితో అతని సర్వేశ్వరత్వం ముగిసిపోతుంది. ఇది రచయిత తొందరలో వేసిన ముడి అనీ, అదృష్టంతో కథ తెగిందనీ చాలామంది పాఠకుల ఫిర్యాదు. నాకు అలా తోచదు. సంపుటం మొత్తంలో తత్త్వదృష్ట్యా బలమైన ఘట్టం ఇదే. విశ్వమంతా తానేనన్నవాడు తన అధికారాన్ని ఒక దేహానికి, ఆ దేహంలోనూ ఒక చేతికి కట్టిపెట్టుకున్నాడు. తరువాత వార్లాక్ అతనితో ఒక మాట అంటాడు. మూడుసార్లు పరమాధికారం చేతికి వచ్చినా మూడుసార్లూ పోగొట్టుకున్నావనీ, దానికి నీవు తగవని నీ లోలోపల నీకే తెలుసుననీ దాని సారాంశం. పతంజలి సిద్ధులను సమాధికి ఉపసర్గలుగా, అంటే విఘ్నాలుగా చెప్పినది ఎందుకో ఈ ఒక్క ఘట్టంతో విద్యార్థికి బోధించవచ్చు.

సింహాచలం నీడలో పెరిగినవాళ్ళం గనుక మనవారికి థానోస్‌ను చూడగానే హిరణ్యకశిపుడు గుర్తుకు వస్తాడు. పోలిక కొంతవరకే నిలుస్తుంది. హిరణ్యకశిపుణ్ణి సంహరించినది స్తంభం నుండి వెలువడిన నరసింహుడు. థానోస్‌ను పడగొట్టినది అతడు విడిచిన చేయి. కాబట్టి భస్మాసురుడే ఇతనికి దగ్గరి బంధువు. అతనికీ శక్తి చేతిలోనే ఉంది, ముప్పూ ఆ చేతి నుండే వచ్చింది.

ఇప్పుడు యువకుల అసలు వాదానికి వస్తాను. 2018లో చలనచిత్రం చూసిన కొందరు అభిమానులు థానోస్ పక్షాన ఒక అంతర్జాల సమూహం పెట్టుకొని, తమ సభ్యులలో సగం మందిని తామే యాదృచ్ఛికంగా బహిష్కరించుకున్నారు. మూడు లక్షలకు పైగా సభ్యులు అలా వెలివేయబడి ఆనందించారు. అది వినోదం. కాని వినోదం వెనుక ఒక నమ్మకం గట్టిపడింది. పక్షపాతం లేదు, ద్వేషం లేదు, ధనిక దరిద్ర భేదం లేదు, కాబట్టి ఇది న్యాయమేనని. మన పిల్లలు దీనికి గీతాపరిభాషను కూడా జోడిస్తున్నారు. ఫలాపేక్ష లేకుండా చేశాడు, పని ముగియగానే ఏకాంతానికి వెళ్ళిపోయాడు, కనుక థానోస్ నిష్కామకర్మయోగి అని!

మొదట లెక్క చూద్దాం. భూలోకంలో మానవసంఖ్య 1974 ప్రాంతంలో నాలుగు వందల కోట్లు, 2022లో ఎనిమిది వందల కోట్లు. సగానికి తగ్గిస్తే మనం చేరేది 1974కు. మళ్ళీ ఇక్కడికి రావడానికి యాభై ఏళ్ళు కూడా పట్టలేదు. అర్ధశతాబ్దపు వాయిదా కోసం నాలుగు వందల కోట్ల మరణాలను అడిగేవానికి గణితం కూడా తోడు రాదు.

ఇక నిష్కామత. గీతలో కర్తృత్వాభిమానం లేనివాని ప్రసక్తి ఉన్నది నిజమే. అయితే ఆ స్థితికి లక్షణం ‘నేను చేస్తున్నాను’ అనే భావం లేకపోవడం. థానోస్ చిత్రంలో ఆద్యంతం చెప్పేది దీనికి విరుద్ధం. ఈ సత్యం తనకు ఒక్కనికే తెలుసునని, దానిని అమలుచేసే సంకల్పబలం తనకే ఉందని అతని ఉద్ఘోషణ. అహంకారానికి నిఘంటువులో బొమ్మ వేయవలసివస్తే ఇతని బొమ్మ వేయవచ్చు. ముఖంలో కోపం కనబడకపోవడం వైరాగ్యం కాదు. కసాయివాడు కూడా మేకపై కోపగించుకోడు.

“అందరి కోసం కొందరిని వదులుకోవడం మన నీతిశాస్త్రంలోనూ ఉంది కదా” అని ఒక చురుకైన పిల్లవాడు అడిగాడు. ఉంది. మహాభారతంలో విదురుడు ఒక త్యాగక్రమాన్ని చెప్పాడు. చిన్న పరిధిని పెద్ద పరిధి కోసం విడవాలన్నదే దాని తాత్పర్యం. కాని ఆ మాట ఎవరితో చెప్పాడు? ధృతరాష్ట్రునితో. ఎవరిని విడవమన్నాడు? అతని సొంత కొడుకైన దుర్యోధనుణ్ణి. త్యాగం అనే పదానికి కర్మ తనదై ఉండాలి. పరులదానిని విడిచిపెట్టడాన్ని సంస్కృతంలో త్యాగమనరు, హరణమంటారు.

ఈ భేదం మన ప్రాంతంలో పుస్తకచర్చ కాదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో నినదించి ముప్పై రెండు మంది ప్రాణాలర్పించారు. వారు ఎవరి ప్రాణాన్నీ తీసి ఇవ్వలేదు. ఆ తరువాత కర్మాగారం కోసం ఇక్కడి పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. జీడితోటలు, పొలాలు, గ్రామదేవతల గుడులు విడిచి వచ్చిన కుటుంబాలు నేడు నిర్వాసిత కాలనీలలో ఉన్నాయి. ఆర్-కార్డు గల కుటుంబాల పిల్లలకు ఉద్యోగాలివ్వాలన్న కోరిక అర్ధశతాబ్దం తరువాత కూడా వినబడుతూనే ఉంది. కర్మాగారం అక్కరలేదని నేను అనడం లేదు. దాని వల్ల అన్నం తిన్నవారు లక్షలలో ఉన్నారు. కాని ‘అధికసంఖ్యాకుల హితం’ అన్న మాట వినగానే, లెక్కలో తీసివేయబడిన వైపు ఎవరున్నారో, వారిని అడిగారో లేదో, వారికి ఇస్తామన్నది ఇచ్చారో లేదో విచారించే అలవాటు ఈ నేల మీద పెరిగిన విద్యార్థికైనా ఉండాలి. తాతగారి పొలం పోయిన ఇంటి పిల్లవాడే “ఎవరో కొందరు పోక తప్పదు” అని తేలికగా అంటుంటే నాకు థానోస్ కంటే ఆ తేలికతనమే ఎక్కువ భయం కలిగిస్తుంది.

చిత్రంలో అతడు ప్రియపుత్రిక గమోరాను ఆత్మమణి కోసం బలి ఇచ్చాడు కదా, అది సొంత త్యాగం కాదా అని మరొక ఆక్షేపణ వస్తుంది. ఐతరేయబ్రాహ్మణంలోని శునఃశేపోపాఖ్యానం దీనికి సమాధానం. అజీగర్తుడు నూరు గోవులకు కొడుకును అమ్మాడు. మరొక నూరు తీసుకొని యూపానికి కట్టాడు. ఇంకొక నూరిస్తే వధిస్తానని కత్తి పట్టాడు. దేవతలు అనుగ్రహించి కట్లు విడిపించాక తండ్రి వచ్చి పిలిస్తే, శునఃశేపుడు వెళ్ళలేదు. విశ్వామిత్రునికి పుత్రుడై దేవరాతుడనిపించుకున్నాడు. తండ్రి కార్చిన కన్నీరు ప్రమాణమా, బిడ్డ తిరస్కారం ప్రమాణమా అన్న ప్రశ్నకు శ్రుతి ఎటు నిలిచిందో ఆ కథే చెబుతుంది. గమోరాను ఎవరూ అడగలేదు. థానోస్ కన్నీటికి కరిగిపోయిన పాఠకులు ఈ ఒక్క సంగతిని గమనించలేదు.

వీరులందరూ ఈ సంపుటంలో నిష్ప్రయోజకులైపోయారన్న విమర్శను గురించి ఒక మాట. నాలుగవ సంచికలో వారు ఒక్కొక్కరుగా పడిపోతారు. చివరికి కెప్టెన్ అమెరికా ఒంటరిగా, మానవమాత్రునిగా థానోస్ ఎదుట నిలిచి, లొంగక, మరణిస్తాడు. అతని నిలకడ వల్ల యుద్ధఫలితం మారలేదు. జటాయువు వల్ల కూడా సీతాపహరణం ఆగలేదు. అయినా అరణ్యకాండ నుండి జటాయువును తీసివేద్దామని ఏ పాఠకుడూ అనడు కదా.

ముగింపులో థానోస్ మరణించినట్లు నమ్మించి తప్పించుకొని, దూరగ్రహంలో సేద్యగాడై కనబడతాడు. దీనిని వానప్రస్థమని మెచ్చుకునే పాఠకులున్నారు. అది ఒప్పుకోలేను. వానప్రస్థానికి ముందు ఋణవిమోచనం ఉంటుంది. పాపానికి ప్రాయశ్చిత్తం ఉంటుంది. పోయిన సగం సృష్టిని తిరిగి తెచ్చినది అతడు కాదు. నెబ్యులా కాలాన్ని ఒక దినం వెనక్కు మళ్ళించినప్పుడు అదంతా తిరిగి వచ్చింది, అదీ దయతో కాదు, అతని కృతాలను తుడిచివేయాలన్న పగతో. ఆ పొలంలో అతని ముఖాన కనబడే ప్రశాంతతలో పశ్చాత్తాపం ఎంత, అలసట ఎంత అన్నది బొమ్మలు తేల్చిచెప్పవు. ఈ విషయంలో నాకూ మా గోష్ఠిలోని కుర్రవాళ్ళకూ ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. చలనచిత్రం మాత్రమే చూసినవారు సంపుటాన్ని, కనీసం నాలుగు నుండి ఆరు వరకు గల సంచికలనైనా చదివి వస్తే, చర్చ అక్కడి నుండి సాగించవచ్చు.