ధూర్జటి ఫాంటు ఉంది, మెనూ ఏది?

శ్రీకాళహస్తీశ్వర శతకకర్త ధూర్జటి పేరుతో ఒక తెలుగు ఫాంటు ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అక్షరాల దాకా వచ్చాం. మన శ్రీకాళహస్తి దుకాణాల్లో, బడుల్లో కంప్యూటరు మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే తెరుచుకుంటోంది.

తెలుగులో సాఫ్ట్‌వేర్ లేక కాదు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ తెలుగులో దొరుకుతాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది. చాలావరకు ఇదంతా జీతం లేని స్వచ్ఛంద సేవకుల శ్రమ. అది ఒక్కసారితో తీరేదీ కాదు. ప్రతి కొత్త వెర్షన్‌లో కొత్త వాక్యాలు చేరతాయి. అనువదించేవారు లేకపోతే తెర సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా మిగులుతుంది.

ప్రోగ్రామర్ల బాధ్యతా ఉంది. ఇంగ్లీషు వాక్యాన్ని రెండు ముక్కలుగా రాసి మధ్యలో ఫైలు పేరు అతికిస్తే, క్రియ చివర వచ్చే తెలుగులో అది అతకదు. వాక్యమంతా ఒకటిగా ఇచ్చి, పేరు రావాల్సిన చోట ఒక గుర్తు పెడితే చాలు, అనువాదకులు దాన్ని తెలుగుకు తగినట్టు ముందుకు జరుపుకుంటారు.

మన పక్కనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. సాఫ్ట్‌వేర్ అనువాదాన్ని అక్కడి విద్యార్థుల ప్రాజెక్టు పనిగా గుర్తించి మార్కులివ్వాలి. చేసిన అనువాదాన్ని ఇక్కడి కలంకారీ కళాకారుల ముందు పెట్టి, వాళ్లు తడబడిన ప్రతిచోటా తిరగరాయాలి. ప్రభుత్వ బడుల కంప్యూటర్లలో వచ్చే విద్యా సంవత్సరం నుంచే తెలుగు తెర పెట్టాలి.