మస్టరు పెదబయలులో, తాళంచెవి ఢిల్లీలో

పెదబయలు మండలంలో ఉపాధి పనికి వెళ్ళిన కూలీ హాజరు ఇప్పుడు కాగితం మీద తేలదు. మేటు ఫోనులో ఫొటోగా మొదలవుతుంది. సర్వరుకు ఎక్కాలి, ఆధార్‌తో సరిపోలాలి, అప్పుడే బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. 2025–26కు ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. పూర్తి కూలి పడాల్సిన ఆరు రోజుల మస్టరు సర్వరులోకి ఎక్కకపోతే ఒక మనిషికి 1,842 రూపాయల నష్టం.

మరి ఆ సర్వరును ఎవరు నడపాలి? ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పాలా, ప్రభుత్వమే సొంత ఇంజనీర్లతో నడుపుకోవాలా? క్లౌడ్ అనే మాట వినడానికి మబ్బులా ఉన్నా, అది ఎక్కడో ఒక భవనంలో కరెంటుతో, నీళ్ళతో, మనుషులతో నడిచే కంప్యూటర్ల వరుస. ప్రభుత్వ శాఖలు ఈ ప్రశ్నను ఖర్చు లెక్కగా చూస్తాయి. దళిత, ఆదివాసీ ఉద్యమాలు మాత్రం దీన్ని హక్కుల ప్రశ్నగా చూడాలి. ఎందుకో చెప్పడానికి మన రాష్ట్ర అనుభవమే చాలు.

కంపెనీ నుంచి కేంద్రానికి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం దాని సాఫ్ట్‌వేర్‌ను టీసీఎస్‌తో చేయించుకుంది. అంటే అది ప్రైవేటుకు అప్పజెప్పిన పనే. కానీ ఏం నమోదు చేయాలో, ఏం బయటపెట్టాలో నిర్ణయించింది రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ. జాబ్ కార్డు మొదలు చెల్లింపు దాకా వివరాలు జనం చూసుకునే వీలుండేది. 2009లో ఏర్పడిన సామాజిక తనిఖీ సంస్థ ఆ వివరాలనే ఊళ్ళోకి తెచ్చి, ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో చదివి వినిపించేది. శ్రమశక్తి సంఘాలు, వేసవిలో 20 నుంచి 30 శాతం అదనపు అలవెన్సు, పే స్లిప్పులు వంటి రాష్ట్ర ఏర్పాట్లన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇమిడేవి.

2022లో రాష్ట్రం ఆ వ్యవస్థను వదిలి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్ఐసీ సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. పైకి చూస్తే కంపెనీ చేతిలోంచి సర్కారు చేతిలోకి వచ్చినట్టే. మనం సంతోషించాల్సిన మార్పే అనిపిస్తుంది. కానీ జరిగింది వేరు. వేసవి అలవెన్సు ఆగిందని, పే స్లిప్పులు రావడం లేదని, పనిముట్ల డబ్బు, మంచినీళ్ళ డబ్బు పోయాయని వ్యవసాయ కార్మిక సంఘాలు రోడ్డెక్కాల్సి వచ్చింది. మండల ఆఫీసులో అడిగితే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేదంటారు. దాన్ని పెట్టే అధికారం ఎంపీడీవోకు లేదు, కలెక్టరుకు లేదు, రాష్ట్ర కమిషనరుకూ లేదు.

సాఫ్ట్‌వేరే శాసనం అయినప్పుడు

ఆ కాలంలో ఢిల్లీలో తీసుకున్న నిర్ణయాలను వరుసగా చూడండి. 2021 మార్చిలో గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ కూలి చెల్లింపులను ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా విడదీయమంది. ఒకే గుంతలో మట్టి తీసినవాళ్ళకు వేర్వేరు రోజుల్లో డబ్బు పడితే ఊళ్ళో ఏం జరుగుతుందో కులం తెలిసినవాళ్ళెవరికైనా తెలుసు. విమర్శలు వెల్లువెత్తాక ఆ ఏడాదే వెనక్కి తగ్గారు. 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా ఫోన్ యాప్ హాజరు తప్పనిసరి అయింది. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయింది. వీటిలో ఏదీ గ్రామసభను అడిగి చేసింది కాదు.

ఆలస్యానికి బాధ్యత ఎవరిదన్న గొడవ అంతకు ముందే మొదలైంది. కూలి చెల్లింపులో రెండు దశలున్నాయి. రాష్ట్రం చెల్లింపు ఆదేశం తయారుచేయడం మొదటిది, కేంద్రం ఆమోదించి డబ్బు వేయడం రెండోది. పదిహేను రోజులు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. కానీ సాఫ్ట్‌వేర్ మొదటి దశ ఆలస్యాన్నే లెక్కించేది, కేంద్రం వల్ల జరిగిన ఆలస్యం లెక్కలోకే వచ్చేది కాదు. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే 18న సుప్రీంకోర్టు, రెండు దశల గొడవ కూలీకి సంబంధించింది కాదని, పదిహేను రోజుల్లో కూలి అందడం ఆమె హక్కని తేల్చింది. ఏ ఆలస్యాన్ని లెక్కించాలో సర్వరు యజమానే నిర్ణయిస్తే చట్టం ఎలా వట్టిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అయితే ప్రైవేటే నయమా?

కాదు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత మైక్రోసాఫ్ట్ నయారా ఎనర్జీకి సేవలు నిలిపేసింది. మన దేశంలో చమురు శుద్ధి చేసే అంత పెద్ద కంపెనీ తన ఈమెయిళ్ళ కోసం ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కితే గానీ అవి తిరిగి రాలేదు. అలాంటి స్థితిలో జామిగూడ కూలీ ఏ కోర్టుకు వెళ్తుంది?

రెండో కారణం మన చదువుకున్న పిల్లలకు నేరుగా తగిలేది. ఎన్ఐసీ రెగ్యులర్ ఉద్యోగాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. అదే పని కంపెనీకి పోతే రిజర్వేషన్ కూడా పోతుంది. ‘ప్రభుత్వ’ అనే బోర్డు ఉన్నంత మాత్రాన అది మిగులుతుందనీ చెప్పలేం. ఎన్ఐసీకి అనుబంధంగా 1995లో పెట్టిన ఎన్ఐసీఎస్ఐ ద్వారా ఏజెన్సీల మనుషులను తెచ్చుకుంటారు. బోర్డు సర్కారుది, కుర్చీలో కాంట్రాక్టు ఉద్యోగి. అలాగని సొంతంగా నడిపితే భద్రత దానంతటదే రాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగితే, ఎన్ఐసీ చేసిన ఈ-హాస్పిటల్ వ్యవస్థ ఆగి రోజుల తరబడి చీటీల మీద వైద్యం నడిచింది.

భవనం దగ్గరికొస్తే జవాబు దగ్గరికొస్తుందనుకోవడమూ భ్రమే. విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. కొండ కిందే క్లౌడ్ వెలిసినా, కొండ మీద మస్టరు పోతే అడిగే చోటు ఏర్పడదు.

అసలు ‘సొంతం’ ఎవరిది?

పెదబయలు అయిదో షెడ్యూలు ప్రాంతం. 1996 పీసా చట్టం సెక్షన్ 4 ప్రకారం పేదరిక నిర్మూలన పథకాల లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభది. ఇంజరి, జామిగూడ, గిన్నెలకోట పంచాయతీల్లో ఎవరికి హక్కుందో చెప్పాల్సింది ఆ ఊళ్ళ సభలు. ఇవాళ చెబుతున్నది పోర్టల్. అందుకే ప్రైవేటా, ప్రభుత్వమా అన్న ప్రశ్న సగం ప్రశ్నే. వ్యవస్థను ఎవరు నడిపినా, దాన్ని మార్చమని అడిగే హక్కు గ్రామసభకు ఉందా అన్నది మిగతా సగం. అంబేడ్కర్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నారు. ఆ ఏర్పాటును మారే ప్రభుత్వాల ఇష్టానికి వదలకుండా రాజ్యాంగంలోనే రాయాలని కూడా అన్నారు. యాజమాన్యం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు.

2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం 125 రోజుల పని అంటూనే బయోమెట్రిక్ గుర్తింపును, డిజిటల్ పర్యవేక్షణను చట్టంలోకే ఎక్కించింది. డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం పేరుతో జాబితాలు దాచే దారి తెరిచింది. కూలీ మీద నిఘా పెరుగుతుంటే, కూలీ చూసే కిటికీ మూసుకుపోతోంది.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి. సర్వరు ఎవరు నడుపుతున్నారో తెలిపే ఒప్పందం తెలుగులో బయటపెట్టాలి. డేటా పూర్తి ప్రతి, సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేసే అధికారం రాష్ట్రానికి ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు, సర్వరు ఆగినప్పుడు మేటు సంతకంతో ఉన్న కాగితం మస్టరు చెల్లాలి. ఆలస్యం ఏ దశలో జరిగినా పరిహారం అడగకుండానే పడాలి. గ్రామసభ తీర్మానం లేకుండా ఒక్క పేరూ తొలగించకూడదు. సర్కారు క్లౌడ్‌ను నడిపే ప్రతి ఉద్యోగంలో, అది అవుట్‌సోర్సింగ్ అయినా సరే, రిజర్వేషన్ అమలు కావాలి. పాడేరు ఐటీడీఏలో స్థానిక ఆదివాసీ యువతతో ఒక సాంకేతిక విభాగం ఉండాలి. తప్పు ఎంట్రీని అక్కడే సరిదిద్దే అధికారం దానికివ్వాలి.

ఇవేవీ ఖర్చుతో కూడిన కోరికలు కావు. పని చేసిన మనిషి తన కూలి ఎక్కడ ఆగిందని అడిగితే, పేరున్న ఒక అధికారి గడువులోపు జవాబు చెప్పాలన్నదే వీటి సారాంశం.