కాపరి మాట: రాత్రివేళ గోడలు చూచినవాడు



ఈ నెల మేము మా తప్పును గూర్చి చెప్పదలచాము. ప్రసంగపీఠం మీద నిలిచి మేము పలికిన ఒక మాట ఒక యౌవనస్థుణ్ణి మందిరానికి దూరం చేసింది.

కొలకలూరులో మా సంఘానికి చెందిన ఒక పెద్దమ్మ, కూతురి కాన్పు కోసం కూలి డబ్బులో నుండి దాచుకొన్న సొమ్మును ఒక్క ఫోను పిలుపుతో పోగొట్టుకొన్నది. బ్యాంకు నుండి మాట్లాడుతున్నామని చెప్పి, ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు అడిగారు. ఆమె నమ్మి చెప్పింది. ఆ ఆదివారం మేము దొంగతనాన్ని గూర్చిన ఆజ్ఞ మీద ప్రసంగించాము. కడుపు మంట కొద్దీ, "పూర్వం దొంగలు గోడకు కన్నం వేసేవారు. ఈనాటి దొంగలకు హ్యాకర్లని పేరు" అన్నాము. అందరూ తలలూపారు. ఒక్కడు మాత్రం తల దించుకొన్నాడు. అతడు ఆరాధనలో కీబోర్డు వాయించే అబ్బాయి, ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఆ తర్వాత మూడు ఆదివారాలు అతడు రాలేదు. కీబోర్డు గుడ్డ కప్పుకొని మూలనే ఉండిపోయింది.

నాలుగో వారం అతని తల్లి మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, మావాణ్ణి స్నేహితులు హ్యాకరనే పిలుస్తారు. రాత్రి రెండింటిదాకా కంప్యూటరు ముందే కూర్చుంటాడు. మీరు చెప్పిన దొంగలలో వాడూ ఒకడా?" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది. ఏమి చెప్పాలో మాకు తోచలేదు. నిజానికి ఆ మాటకు అర్థమేమిటో మాకు తెలియదు. తెలియని దానిని గూర్చి తీర్పు తీర్చాము.

ఆ సాయంత్రమే వారింటికి వెళ్ళాము. అబ్బాయి వాకిట్లో కుర్చీ వేశాడు గాని మా ముఖంలోకి చూడలేదు. "బాబూ, నీవు రాత్రంతా ఏమి చేస్తావో మాకు చూపించు. నేర్చుకొందామని వచ్చాము" అన్నాము. అప్పుడతడు లోపలికి పిలిచాడు.

అతని దినచర్య ఇది. ఉదయం కొలకలూరు స్టేషనులో రైలెక్కి కాలేజీకి పోతాడు. సాయంత్రం దిగి వచ్చి, పొలం పనిలో తండ్రికి చేయి ఆసరా ఇస్తాడు. భోజనాలయ్యాక తెనాలిలో సెకండ్‌హ్యాండులో కొన్న ల్యాప్‌టాపు తెరుస్తాడు. ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములను వరుస వెంట వరుస చదువుతాడు. ఇలాగే ఎందుకు వ్రాశారు, వేరొక విధంగా అడిగితే యంత్రం ఏమంటుంది అని పరీక్షిస్తాడు. నేర్చుకొనేవారు ఛేదించడం కోసమే లోపాలు ఉంచి తయారుచేసిన సైట్లు ఉన్నాయట. వాటి మీద సాధన చేస్తాడు. ఒక రాత్రి నాలుగు గంటలు కూర్చున్నా పని జరగలేదట. చివరికి చూస్తే ఒక చిన్న చుక్క తప్పిపోయింది. కాలువ గట్టున ఆయిల్ ఇంజను మొరాయిస్తే, విప్పి చూడనిదే అన్నం సహించని మనిషి ప్రతి ఊరిలోనూ ఉంటాడు. అబ్బాయిలో మాకు అతడే కనిపించాడు.

"దీన్ని చేసినవాడు ఎలా ఆలోచించాడో తెలుసుకోవాలని ఉంటుంది అయ్యగారూ. ఎక్కడ మరచిపోయాడో కూడా" అన్నాడు. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అని మన పెద్దలు చెప్పిన సామెత గుర్తుకు వచ్చింది. ఎంత తెలివైనవాడు కట్టిన ఇంటికైనా ఎక్కడో ఒక గొళ్ళెం మరచిపోయి ఉంటుంది.

ఆ పేరు ఎలా వచ్చిందో కూడా అతడే చెప్పాడు. 1950ల చివర అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, బొమ్మ రైళ్ళు నడిపే విద్యార్థుల క్లబ్బు ఒకటి ఉండేది. పట్టాల క్రింద తీగెలు, స్విచ్చులు తెలివిగా అమర్చిన పనికి వారు పెట్టుకొన్న ముద్దుపేరు హ్యాక్. ఆ పిల్లలే తర్వాత కంప్యూటరు గదిలోకి చేరారు. పేరూ వారితో పాటే వచ్చింది. దొంగ అనే అర్థం ఆ తర్వాత అంటుకొన్నది.

ఆ అర్థం ఊరకే అంటుకోలేదు. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞునికి కంప్యూటరు వాడకం లెక్కలో 75 సెంట్ల తేడా కనిపించింది. డాలరులో ముప్పాతిక భాగం మాత్రమే! పోనీలే అనుకోక ఆయన నెలల తరబడి వెంటాడితే, జర్మనీ నుండి చొరబడి సైనిక రహస్యాలు వెదకి రష్యా గూఢచారులకు అమ్ముతున్నవారు పట్టుబడ్డారు. ఆ కథను ఆయన గ్రంథంగా వ్రాసి, కాకి గూటిలో కోకిల పెట్టే గుడ్డును తలపించే పేరు పెట్టాడు. మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండడాన్ని గూర్చి ప్రభువు చెప్పిన మాటకు (లూకా 16:10) ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిన ఒక చిన్న ప్రోగ్రాము అనుకొన్న దానికంటె వేగంగా పెరిగి, వేలాది కంప్యూటర్లను మొరాయింపజేసింది. అతని తండ్రి కంప్యూటరు భద్రతలో పేరుమోసిన నిపుణుడు! 1990లో న్యాయస్థానం ఆ కుమారునికి మూడేళ్ళ ప్రొబేషను, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. కాలక్రమంలో ఆ యౌవనస్థుడే మసాచుసెట్స్ విద్యాసంస్థలో ఆచార్యుడయ్యాడు. తప్పుకు శిక్ష పడింది గాని మనిషిని పారవేయలేదు.

ఇంతవరకు చెప్పి అబ్బాయి మౌనంగా ఉండిపోయాడు. కొంతసేపటికి, "అయ్యగారూ, నేనూ ఒకటి చేశాను" అన్నాడు.

ఒక విద్యాసంస్థ వెబ్‌సైటులో అతడు ఫీజు రశీదు చూచుకొంటుండగా, పైన చిరునామా గడిలో చివర తన రశీదు సంఖ్య కనిపించింది. ఒక అంకె మార్చి చూచాడు. వేరొక విద్యార్థి రశీదు తెరుచుకొంది. తండ్రి పేరు, ఫోను నంబరు, ఆధార్ సంఖ్య అన్నీ ఉన్నాయి. "ఒకటి చూచి ఊరుకోలేదు. నాలుగు చూచాను. తర్వాత భయం వేసి మూసేశాను. ఎవరైనా చెడ్డవాడు చూస్తే వేలమంది వివరాలు పోతాయి. చెప్పుదామంటే నన్నే దొంగ అంటారేమోనని భయం. మీరే అన్నారు కదా!"

ఆ మాట మా గుండెకు గుచ్చుకొంది. ముందుగా అతని చేయి పట్టుకొని క్షమాపణ అడిగాము. తర్వాత నెహెమ్యా గ్రంథం రెండవ అధ్యాయం తెరిచి, ఇద్దరం కలిసి చదువుకొన్నాము.

నెహెమ్యా యెరూషలేముకు వచ్చి మూడు దినములైన తర్వాత రాత్రివేళ లేచి, కొద్దిమందితో, ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. పడిపోయిన గోడలను, కాలిపోయిన గుమ్మాలను ఒక్కొక్కటే పరీక్షించాడు. ఆ చీకటిలో ఎవరైనా చూచి ఉంటే దొంగ అనే అనుకొనేవారు. కాని రెండు సంగతులు గమనించాలి. అతని వద్ద అర్తహషస్త రాజు ఇచ్చిన తాకీదులు ఉన్నాయి. గోడ ఎక్కడ పడిందో తెలిసిన తర్వాత అతడు దానిని శత్రువులకు అమ్ముకోలేదు, తన జనుల వద్దకు వెళ్ళి కట్టుదము రండని పిలిచాడు. రాత్రి గోడలు చూచేవాడు దొంగయా, నెహెమ్యాయా అన్నది అతని తెలివి చెప్పదు. అనుమతి పత్రమున్నదా, చూచినదానితో తెల్లవారి ఏమి చేశాడు అన్నవే చెబుతాయి.

"బాబూ, తాకీదు లేకుండా నీవు నాలుగు ఇళ్ళ బీరువాలు చూచావు. అది తప్పే. తలుపు తీసి ఉన్నదని పొరుగింట్లో దూరకూడదు. మన దేశంలో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం కూడా అదే చెబుతున్నది. అనుమతి లేని ప్రవేశానికి నష్టపరిహారం, మోసబుద్ధితో చేస్తే మూడేళ్ళ వరకు జైలు. అయినా తెల్లవారి చేయవలసిన పని ఇంకా మిగిలి ఉన్నది" అన్నాము.

ఇద్దరం కూర్చొని ఉత్తరం వ్రాశాము. ఏ రోజు చూచినది, ఏమి చూచినది, నాలుగు రశీదులు తెరచినది, వేటినీ దాచుకోలేదన్నది, దాపరికం లేకుండా వ్రాశాము. వారు వినకపోతే కేంద్ర ప్రభుత్వం వారి సెర్ట్-ఇన్ ఉన్నదని అబ్బాయి చెప్పాడు. 2004 నుండి పనిచేస్తున్న ఆ సంస్థ ఇటువంటి లోపాలను గూర్చిన సమాచారం తీసుకొంటుంది. కొన్ని పెద్ద కంపెనీలైతే లోపం చూపినవారికి బహుమానమే ఇస్తాయట. 1995లో నెట్‌స్కేప్ కంపెనీ అటువంటి పథకం ప్రకటించింది.

మాకు బహుమానమేమీ దొరకలేదు. అబ్బాయితో కూడా వెళ్ళాము. అక్కడి అధికారి, "నిన్నెవరు చూడమన్నారు?" అని కేకలు వేశాడు. అబ్బాయి ఎదురు చెప్పలేదు. "చూచినందుకు క్షమించండి సార్. కాని దాన్ని మూయించండి" అన్నాడంతే. పది రోజుల తర్వాత అంకె మార్చితే ఏమీ తెరుచుకోలేదు. కృతజ్ఞత అని ఎవరూ ఒక్క మాట వ్రాయలేదు. గోడ మాత్రం కట్టబడింది.

తరువాతి ఆదివారం, ఏ పీఠం మీద నుండి ఆ మాట అన్నామో అదే పీఠం మీద నుండి దిద్దుకొన్నాము. అబ్బాయి వెనుక వరుసలో కూర్చున్నాడు. పాట మొదలుకాగానే లేచి వచ్చి, కీబోర్డు మీది గుడ్డ తీశాడు.

పెద్దమ్మ సొమ్ము తిరిగి రాలేదు. స్త్రీల సమాజం వారు కలిసి కాన్పు ఖర్చుకు సాయపడ్డారు. ఆమెను మోసగించినవారు ఏ యంత్రాన్నీ ఛేదించలేదు, ఆమె నమ్మకాన్ని ఛేదించారు. కనుక ప్రియులారా, ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకండి. ఫోనులోనే అరెస్టు చేశామని బెదిరిస్తే భయపడకండి, మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. పెద్దమ్మ మూడో రోజున చేసింది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ రాత్రివేళ ఆ వెలుగు ముందు కూర్చొని ఉంటే, తలుపు సందులో నుండి చూచి అనుమానించకండి. లోపలికి వెళ్ళి ప్రక్కన కూర్చోండి. ఏమి చూస్తున్నావని అడగండి. ఎవరి అనుమతితో అని కూడా అడగండి. అడిగేవారుంటే చెప్పడానికి వారూ ఎదురుచూస్తున్నారు.

కుటుంబ ప్రార్థనలో ఈ వారం నెహెమ్యా 2:1-18 చదువుకొనండి. ప్రభువు మీ ఇంటి గుమ్మములను కాపాడును గాక. ఆమేన్.