బిగిస్తే సరిపోతుందా?

మెషిన్ డిజైన్‌లో బోల్టెడ్ జాయింట్స్ చదివిన మనందరికీ ఒక నమ్మకం ఉంటుంది: నట్ వదులైందా, స్పానర్ తీసి బిగించెయ్! చెక్క కాటమరాన్ విషయంలో ఆ నమ్మకం ప్రమాదమని నా అభిప్రాయం.

కాటమరాన్ అంటే పక్కపక్కనే రెండు హల్స్ (వ్యాకరణంలో హల్లులు కాదు లెండి), వాటిని కలిపే అడ్డదూలాలు. అలల మీద ఒక హల్ లేస్తుంటే ఇంకోటి దిగుతుంది. ఆ మెలితిప్పే బలమంతా దూలాల బోల్టుల మీద పడుతుంది. అవి తెగితే రెండు హల్స్ చెరో దారీ పడతాయి.

స్టీలు ప్లేట్ల మధ్య బిగింపు నిలబడినట్టు చెక్కలో నిలబడదు. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, ఒత్తిడికి మెల్లగా అణుగుతుంది. బిగించిన కొద్దీ వాషర్ చెక్కలోకి దిగబడి పీచు నలుగుతుంది. ఆ సందులోంచి నీళ్లు చేరి కుళ్లు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలే కదా అని ధీమా పడలేం. దాన్ని కాపాడే పైపొరకి ఆక్సిజన్ కావాలి. గాలాడని తడి రంధ్రంలో అది అందదు. బయట తల తళతళలాడుతుంటే, లోపల కాడ తినేసి ఉండొచ్చు.

అందుకే రిపేరంటే ముందు బోల్టు బయటికి తీసి చూడటం. పడవ ఒడ్డున ఉన్నప్పుడు, దూలానికి ఆసరా పెట్టి, ఒక్కొక్కటే తీయాలి. కుళ్లిన చెక్క తొలిచేసి, బాగా ఆరనిచ్చి, పెద్దదైన రంధ్రాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్ చేయాలి. అప్పుడు బోల్టుకీ చెక్కకీ మధ్య నీళ్లు చొరని గోడ ఏర్పడుతుంది. వెడల్పాటి ప్లేటు, సీలెంట్, లాక్ నట్ దాని తర్వాతే.

బ్రిటిష్ డిజైనర్ జేమ్స్ వారమ్ మొదట్లో బోల్టులే వాడి, తర్వాతి డిజైన్లలో దూలాల్ని తాళ్లతో కట్టించాడు. 1976లో హవాయి నుంచి తాహితీకి వెళ్లిన హోకులేఅ దూలాలూ తాళ్ల కట్టే. అసలు కాటమరాన్ అనే మాట వచ్చిందే తమిళ 'కట్టుమరం' నుంచి. అది రెండు హల్స్ పడవ కాదు, మన తెప్పలాగా దుంగలు కట్టినది. తాడు అరిగితే కంటికి కనబడుతుంది. బోల్టు తన జబ్బు దాచుకుంటుంది.

బోల్టులు వద్దని నేననను. తీసి చూడకుండా నమ్మొద్దంటాను. "బాగానే ఉన్నదాన్ని కదిపితే విరుగుతుందేమో" అంటారు కొందరు. విరగనివ్వండి. ఒడ్డున విరిగితే పోయేది ఒక బోల్టే.