కంట్రోల్ ఎఫ్‌కి దొరకని తెలుగు

మా పెదనాన్న కథల పుస్తకం తాలూకు సీడీ ఒకటి అక్క దగ్గర బయటపడింది. 2003లో వేసిన పుస్తకం. ఆయన పోయి ఆరేళ్లవుతోంది. కాపీలు చుట్టాలిళ్లలో తలా ఒకటి ఉన్నాయేమో తెలీదు, మా ఇంట్లో చెదలు తినగా రెండు మిగిలాయి. "నువ్వు సాఫ్ట్‌వేరేగా, దీన్ని ఆన్‌లైన్లో పెట్టరా, నీకు పది నిమిషాల పని" అంది అక్క. నేనూ అంతే అనుకున్నాను. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరకడానికే రెండు వారాలు పట్టింది.

ఫైల్లోంచి టెక్స్ట్ ఎలాగో బయటికి లాగాను. అందులో తెలుగు లేదు. డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఫ్రెంచి అక్షరాలు, మూయని బ్రాకెట్లు. స్క్రీన్ ఫొటో తీసి అక్కకి పంపితే "ఇదేంట్రా, నాన్న ఇంత అర్థంకాకుండా రాశాడా" అని నవ్వింది. కాసేపాగి మళ్లీ ఫోన్ చేసింది. అప్పుడు నవ్వలేదు. "అంటే పోయినట్టేనా?" అంది.

కంప్యూటర్‌కి అక్షరమంటే ఓ నంబరు. యూనికోడ్‌లో 'క'కి సొంత నంబరుంది, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. మన పాత డీటీపీ ఫాంట్ల పద్ధతి వేరు. అవి ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు పెట్టాయి. తలకట్టు ఒక గూట్లో, ఒత్తు ఇంకో గూట్లో, కొమ్ము మరో గూట్లో. మన కంటికి అది తెలుగు, ఫైల్‌కి మాత్రం ఇంగ్లీషు. వేషం కట్టిన ఇంగ్లీషు. ఫాంటు తీసేశారంటే రంగు కడిగేసినట్టే. పైగా ఒక ఫాంటు కట్టిన వేషం ఇంకో ఫాంటుకి తెలీదు.

1990ల్లో అలా చేసినవాళ్లని నేనేమీ అనను. చేతిలో ఉన్నది పేజ్‌మేకర్, దానికి చివరిదాకా యూనికోడ్ రాలేదు. ఇంగ్లీషు కోసం కట్టిన ఇంట్లో తెలుగుని కాపురం పెట్టించారు వాళ్లు. దణ్ణం పెట్టాల్సిన పని. నా గొడవంతా ఇవాళ్టిది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది 2001లో. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 తెలుగు యూనికోడ్‌ని పేజీలో కూర్చగలదు. మండలి, రామభద్ర, గిడుగు, సురన్న లాంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయినా ఇవాళ్టికీ కొత్త పుస్తకం పీడీఎఫ్ తెరిచి, ఓ వాక్యం కాపీ చేసి, ఇంకోచోట అతికిస్తే ఎన్నోసార్లు అదే డాలర్ గుర్తుల భాష పడుతోంది. నిన్న రాసిన కవిత్వం కూడా పుట్టుకతోనే నా సీడీలాగా పుడుతోంది.

"ఆపరేటర్ల చేతికి పాత కీబోర్డే అలవాటండీ" అంటారు. కీబోర్డ్ వేరు, ఫైల్లో పడే నంబరు వేరు. వేళ్లు కదిలే తీరు మార్చకుండానే కింద యూనికోడ్ పడేలా చెయ్యొచ్చు. ఇదేం రాకెట్ సైన్స్ కాదు.

ఇంకో వాదన ఉంది, నాకు నిజంగా ఒళ్లు మండేది అదే. బుక్ ఫెయిర్‌లో ఓ ప్రచురణకర్తని, పెద్దాయన్ని, మర్యాదగానే అడిగాను. "యూనికోడ్‌లో ఇస్తే రాత్రికి రాత్రి కాపీ కొట్టేస్తారు బాబూ" అన్నారు. సార్, దొంగకి మీ ఫాంటుతో పనేముంది? ఫోన్ కెమెరాతో పేజీ పేజీకీ ఫొటో తీసి పీడీఎఫ్ చేసి టెలిగ్రామ్‌లో పడేస్తాడు. వాడికి చదవడం కూడా అక్కర్లేదు. మీ తాళం దొంగని ఆపదు, చుట్టాల్ని ఆపుతుంది. చూపులేని పాఠకుడు ఫోన్‌తో పుస్తకం చదివించుకుందామనుకుంటే, ఆ గొంతు డాలర్, బ్రాకెట్ అని వల్లిస్తుంది. కళ్లు మసకబారిన ఓ రిటైర్డ్ టీచర్‌కి అక్షరాలు పెంచుకుంటే లైన్లు స్క్రీన్‌కి తగ్గట్టు సర్దుకోవు. ఓ రచయిత ఒక మాటని ఎన్నిచోట్ల, ఏ అర్థంలో వాడాడో చూడాలనుకున్న విద్యార్థి మళ్లీ మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతుక్కోవాలి. విమర్శ రావట్లేదని బాధపడే పత్రికలు ఈ సంగతి కూడా కాస్త పట్టించుకోవాలి.

ప్రచురణకర్తల్ని తిట్టి ఊరుకుంటే నేను తప్పించుకున్నట్టే. అసలు తిట్లు తినాల్సింది మా జాతి.

2018 ఫిబ్రవరిలో ఓ తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కూలిపోతున్నాయని ప్రపంచమంతా గోల, గుర్తుందా? 'జ్ఞా'. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే జోకులు. జ్ఞానం బరువు మొయ్యలేక ఐఫోన్ చచ్చిందట, తెలుగోడి దెబ్బట. నేనూ నాలుగు ఫార్వర్డ్ చేశాను. మామూలుగా రాసే 'జ్ఞానం' ఏ ఫోన్నీ కూల్చలేదన్న సంగతి ఆ గ్రూపుల్లో ఒక్కరం కూడా తెలుసుకోలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఓ అక్షరం, దాని వెనకాల దీర్ఘం. ఈ అయిదూ వరసగా వస్తేనే ప్రమాదం. యాపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మాకు జోకు మిగిలింది.

ఆ కనబడని అక్షరం పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. దాని అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది మాకే. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే ట్ తర్వాత అది పడాలి. పడకపోతే ఫ కింద ట, దాని కింద వ వేలాడి 'సాఫ్ట్వేర్' అవుతుంది. కంటికి రెండూ దగ్గరగానే ఉంటాయి, సాదాగా రాసిన సెర్చ్‌కి మాత్రం రెండూ వేర్వేరు మాటలు. ఏ పని చేస్తామో ఆ పని పేరుని మా భాషలో సరిగ్గా టైపు చెయ్యగలిగినవాళ్లు మా ఫ్లోర్ మొత్తం మీద ఎంతమందో లెక్కపెట్టాను. నాతో కలిపి ముగ్గురం. నేను కూడా ఆ సీడీ తర్వాతే నేర్చుకున్నాను.

మా పక్క సీట్లో కుర్రాడు పదిహేను వేలు పెట్టి మెకానికల్ కీబోర్డ్ కొన్నాడు. ఏ స్విచ్ ఎంత టకటకలాడుతుందో అరగంట చెప్పగలడు. దాని మీద ఒక్క తెలుగు అక్షరం పడలేదు. వాళ్లమ్మకి కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే 'తిన్నావా' అని కొడతాడు. గీకులమని చెప్పుకునే మాకు కొత్త ఫోన్ మెగాపిక్సెళ్లు కంఠతా వచ్చు. ఓ కంపెనీకి తెలుగువాడు పెద్ద పదవిలోకొస్తే ఆ రోజు మాకు పండగ. తెలుగు కీబోర్డ్‌లో ఓ తప్పు కనబడితే దాన్ని రిపోర్ట్ చెయ్యడానికి మాత్రం ఖాళీ ఉండదు. అడిగితే "మార్కెట్ లేదు బ్రో". 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. మార్కెట్ లేకపోవడం కాదు, మన జీతం ఆ మార్కెట్ నుంచి రాకపోవడం.

జీతం రాకపోయినా చేసినవాళ్లున్నారు. దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చారు. వీవెన్ లేఖిని పెట్టకపోతే నేటి బ్లాగు తరం రచయితల్లో సగం మంది తెలుగులో టైపు చేసేవాళ్లే కాదని నా అనుమానం. వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు ఒక్కొక్కటీ దిద్దుతున్నవాళ్లకి ఎవరూ శాలువా కప్పరు. 2021లో యూనికోడ్ 14వ వెర్షన్లో నకారపొల్లు చేరింది, పాత పుస్తకాల్లో న్‌కి బదులు కనబడే ఆ చిన్న గుర్తు. ఎవరో ఓపిగ్గా పాత పేజీలు చూపించి ప్రతిపాదన రాస్తేనే అది జరుగుతుంది. పుణ్యం కట్టుకున్న ఈ కొద్దిమంది మీద ఇంత పెద్ద భాషని వదిలేసి, మిగతా మేమంతా బెంచ్‌మార్క్ స్కోర్లు చూసుకుంటున్నాం.

నా ఉద్యోగం కూడా చెప్పేస్తాను. నేను పనిచేసేది సెర్చ్ మీద. అమెరికాలో ఎవరో చెప్పుల కోసం వెతికితే నలభై మిల్లీసెకన్లు తొందరగా దొరికేలా చెయ్యడానికి పోయినేడాది మూడు నెలలు కూర్చున్నాం. బోనస్ కూడా వచ్చింది. పెదనాన్న కథల్లో 'కచ్చిక' అనే మాట ఉంటుంది, కచ్చికతో పళ్లు తోముకునే ముసలాయన ఒకడు. ఏ కథలోదో గుర్తురాక ఆ ఫైల్లో వెతికాను. ఫలితాలు సున్నా.

ఆ డాలర్ గుర్తుల పక్కన చెదలు తిన్న పుస్తకం తెరిచి పెట్టుకుని, ఏ గుర్తుకి ఏ ముక్కో ఒక పట్టిక రాసుకుని, చిన్న ప్రోగ్రాం చేశాను. నాలుగు వారాంతాలు. ఆ ఫాంటులో మ అంటే వ బొమ్మకి తోక. అందుకని మొదటి రోజు మనిషి 'వునిషి' అయ్యాడు, మంచం 'వుంచం' అయింది. ఒత్తులు ఒక అక్షరం అవతలికి గెంతాయి. ఇప్పుడు చాలావరకు కుదిరింది. ప్రతి పేజీనీ అక్క చదివి ఫోన్లో దిద్దిస్తోంది. "ఒరేయ్, అక్కడ 'వాన' కాదు, 'మాన' అనుంటుంది చూడు, కుంచం, మాన, సోల" అని నిన్న రాత్రి పదకొండున్నరకి. తొంభై ఆరో పేజీలో ఉన్నాం. కచ్చిక నాలుగు చోట్ల దొరికింది.