మాస్టర్స్ ఈతకు ప్రయాణమే తొలి పోటీ
హాజరు పెరిగితే సమయం చాలదు.. తగ్గితే ఖర్చు గిట్టదు

పాతికేళ్లు దాటిన వారి కోసం నిర్వహించే మాస్టర్స్ ఈత పోటీల పట్ల ఆసక్తికి లోటు లేదు. ఆ ఆసక్తి గలవారిని పోటీ స్థలానికి చేర్చడం, చేరిన వారందరినీ సకాలంలో నీటిలో దించి పంపడమే నిర్వాహకులకు కత్తిమీద సాము. నగదు బహుమతులు ఉండవు, ప్రేక్షకుల టిక్కెట్ల ఆదాయమూ నామమాత్రమే. క్రీడాకారులు చెల్లించే ప్రవేశ రుసుమే ప్రధాన ఆధారం. అందువల్ల ఈ పోటీల మనుగడ హాజరుపైనా, ఏర్పాట్లపైనా సమానంగా ఆధారపడి ఉంది.

46 మందితో శ్రీకారం

1970 మే నెలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అమరిల్లోలో జరిగిన తొలి జాతీయ మాస్టర్స్ పోటీలకు హాజరైనవారు 46 మందే. 1986లో టోక్యో వేదికగా ప్రపంచ మాస్టర్స్ పోటీలు మొదలయ్యాయి. జపాన్‌లోని ఫుకువోకాలో 2021లో జరగాల్సిన పోటీలు కరోనా కారణంగా రెండుసార్లు వాయిదా పడి 2023 ఆగస్టులో జరిగాయి. కుమామోటో, కగోషిమా నగరాలు కూడా అప్పుడు వేదికలయ్యాయి. ఆరు నెలలు తిరిగేసరికి 2024 ఫిబ్రవరిలో దోహాలోనూ, 2025లో సింగపూర్‌లోనూ మళ్లీ ప్రపంచ పోటీలే. సొంత సొమ్ముతో విమానమెక్కే ఉద్యోగికి, విశ్రాంత జీవికి మూడేళ్లలో మూడు ప్రయాణాలు తలకు మించిన భారం.

వయసు పెరిగితే ఉత్సాహం

ఇతర క్రీడల్లో వయసు మీరడం శాపమైతే, ఇక్కడ అదే వరం. అయిదేళ్లకు ఒక విభాగం చొప్పున పోటీలు జరుగుతాయి. పోటీ జరిగే సంవత్సరం డిసెంబరు 31 నాటికి నిండే వయసునే పరిగణనలోకి తీసుకుంటారు. అరవైలో అడుగుపెట్టిన వ్యక్తి ఆ ఏడాది 60-64 విభాగంలో అందరికన్నా చిన్నవాడవుతాడు. విభాగం మారే ఏడాది దూరమైనా వెళ్లి పోటీపడాలన్న పట్టుదల ఈతగాళ్లలో కనిపించడానికి కారణమిదే. జపాన్‌కు చెందిన మియెకో నగావోకా 2015లో నూరేళ్ల వయసులో 1,500 మీటర్లు ఈది రికార్డు సృష్టించారు. అందుకు ఆమెకు పట్టిన సమయం గంటా పదిహేను నిమిషాల పైచిలుకు.

కొలను లెక్క ఇదీ..

ఇటువంటి సాహసాలు స్ఫూర్తిదాయకమే అయినా నిర్వాహకుల కాలపట్టికకు పరీక్ష పెడతాయి. ఎనిమిది లేన్ల కొలనులో 80 మంది 50 మీటర్ల పోటీలో పాల్గొంటే పది జట్లు అవుతాయి. జట్టుకు రెండు నిమిషాల చొప్పున 20 నిమిషాల్లో పోటీ ముగుస్తుంది. అదే 80 మంది 1,500 మీటర్లకు దిగితే, జట్టుకు 35 నిమిషాల చొప్పున దాదాపు ఆరు గంటలు పడుతుంది. ఒక్కో లేనులో ఇద్దరిని ఈదిస్తే సమయం సగానికి తగ్గుతుంది. కానీ ల్యాప్‌లు లెక్కించేవారు, సమయం నమోదు చేసేవారు రెట్టింపు కావాలి. మాస్టర్స్‌లో హీట్స్, ఫైనల్స్ అంటూ వేరువేరుగా పెట్టక, ఒక్కసారి ఈదిన సమయంతోనే విజేతలను తేల్చడం కూడా ఈ ఇబ్బందికి విరుగుడే.

పేరు నమోదు చేసుకుని రానివారితో మరో చిక్కు. ఖాళీ లేన్లతో జట్లు నడిపితే కాలం వృథా అవుతుంది. అందుకే పలు పోటీల్లో సుదూర అంశాలకు ముందురోజే హాజరు ధ్రువీకరించుకుని, వచ్చినవారితోనే జట్లు కూరుస్తారు.

రైలు కుదిరితేనే..

మన దేశంలో ఈ సమస్యకు రైలు ప్రయాణం తోడైంది. 2023 నవంబరులో జాతీయ మాస్టర్స్ పోటీలు మంగళూరులో జరిగాయి. అప్పట్లో కాచిగూడ నుంచి అక్కడికి నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ వారానికి రెండు రోజులే నడిచేది. విశాఖ మీదుగా వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ వారానికి ఒక్కసారే. పోటీ రోజులకు, రైలు రోజులకు పొంతన కుదరకపోతే బస ఖర్చు రెండు మూడు రోజులు పెరిగినట్లే.

అరవై దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం చొప్పున ఉన్న రైలు చార్జీల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. 2024 నవంబరు ఒకటి నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. పోటీ తేదీలు అంతకన్నా ఆలస్యంగా ఖరారైతే వృద్ధ క్రీడాకారులకు కింది బెర్తు దొరకడం గగనమే.

చేయాల్సిందేమిటి?

హైదరాబాద్ గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల నాటి కొలను ఉంది. వసతి ఒక్కటే సరిపోదు. కనీసం మూడు నెలల ముందు తేదీలు ప్రకటించడం, వయసు ధ్రువపత్రాల పరిశీలనను ప్రయాణానికి ముందే పూర్తిచేయడం, సుదూర ఈతను తొలిరోజే ముగించడం, సన్నాహక ఈతకు వేరే కొలను కేటాయించడం, వైద్యుడిని, అంబులెన్స్‌ను గట్టుపైనే ఉంచడం అవసరం. వీటిలో చాలా వాటికి పెద్దగా ఖర్చు లేదు. ముందుచూపు ఉంటే చాలు. జిల్లాల నుంచి తరలివచ్చే యాభై, అరవై ఏళ్లవారికి పతకంకన్నా ముందు కావాల్సింది ఈ భరోసాయే. అది కొరవడితే వచ్చే ఏడాది వారు ప్రయాణమే మానుకుంటారు. ఆ లోటు తిరిగి రుసుము రాబడిపైనే పడుతుంది.