రాతికి దండ, రైతుకు మొండిచెయ్యి

సెప్టెంబరు 17 వచ్చిందంటే తెలంగాణలో నామకరణ మహోత్సవం మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ఆ రోజును విమోచన దినమన్నది. అదే ఏడు నాటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. గద్దె మారాక 2024లో అది ప్రజాపాలన దినమయింది. మనవాళ్లు విలీన దినమంటారు. బిడ్డ ఒక్కటే, పేర్లు నాలుగు. ఈ పేర్ల తగవులో అసలు ప్రశ్న అడుగున పడిపోయింది: 1946లో తెలంగాణ రైతు కర్ర ఎందుకు పట్టాడు? 1948 తర్వాత కూడా తుపాకీ ఎందుకు దించలేదు?

ఈ ప్రశ్నను నా ముందు పెట్టినవారు ముగ్గురు వృద్ధులు. 2018 సెప్టెంబరులో వారిని జనగామ ప్రాంతంలోని అమరుల స్మారకాలకు తీసుకుపోయే పని నామీద పడింది. ముగ్గురికీ ఎనభై అయిదేళ్లు దాటాయి. ఒకాయన పదిహేనో ఏట దళానికి చీటీలు మోసినవాడు. ఇంకొకాయన యూనియన్ సైన్యాలు వచ్చిన తర్వాత పట్టుబడి జైలులో వున్నవాడు. మూడో ఆమె కట్టెలకు పోతున్నట్టు అడవికి పోయి, గంపలో దాచిన జొన్న గటక దళానికి అందించిన అవ్వ.

కడవెండిలో దొడ్డి కొమరయ్య స్తూపం ముందు మాతో వచ్చిన ఉపన్యాసకుడు 1946 జులై 4 నుంచి కథ ఎత్తుకున్నాడు. దేశ్‌ముఖు మనుషుల తుపాకులు పేలడం, కొమరయ్య నేలకొరగడం, ఊరూరా గుత్పల సంఘాలు లేవడం అన్నీ చక్కగానే చెప్పాడు. చీటీలు మోసిన తాత మాత్రం రాతికి వీపు పెట్టి పొలాలకేసి చూస్తున్నాడు. "గీ చెల్క ఇప్పుడు ఎవలి పేర ఉన్నది బిడ్డా?" అని అడిగాడు. పత్తిచేలో వున్న రైతు గట్టు మీదికి వచ్చి జవాబు చెప్పాడు: పట్టా హైదరాబాదులో వున్న ఆసామిది, తను కౌలుకు చేస్తున్నాడు. ఆ ఏడు మే నెలలో సర్కారు ఎకరానికి 4,000 రూపాయల చెక్కు పంచింది. చెక్కు పట్టాదారుకు ముట్టింది, పెట్టుబడీ అప్పూ తనకు మిగిలాయి. తాత ఇంకేమీ అడగలేదు. నా దృష్టిలో ఆ యాత్రలో జరిగిన అసలైన స్మారకోపన్యాసం ఆ ఒక్క ప్రశ్నే.

ఎందుకంటే పోరాటమంతా ఆ ప్రశ్న మీదనే నడిచింది. పక్కనే కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ సమాధి వుంది. తన భూమికోసం విసునూరు దేశ్‌ముఖు మీద కోర్టులో ఏళ్ల తరబడి పోరాడి హత్యకు గురయిన రైతు ఆయన. ఆ కథ ఆధారంగానే సుంకర, వాసిరెడ్డి 1947లో "మా భూమి" నాటకం రాశారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను కాపాడుకున్నది కూడా ఆ దేశ్‌ముఖు నుంచే. ఇప్పుడు దీనిని ముస్లిం రాజు మీద హిందువుల తిరుగుబాటుగా చూపుతున్న పెద్దలను నేనొకటి అడుగుతాను. బందగీ ఎవరు? ఆయన్ని చంపించిన దొర ఎవరు? రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హతుడయిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? పోలీసు చర్య వెంట హైదరాబాదు సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి వుంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. ఆ మృతుల ప్రస్తావన ఏ విమోచనోత్సవంలోనూ నేను వినలేదు. గడీల పునాదుల్లో వున్నది భూమి, వెట్టి. మతం రంగు పులిమితే ఆ పునాదులు కనబడకుండా పోతాయి. పులిమేవారికి కావలసిందీ అదే.

బైరాన్‌పల్లి బురుజు దగ్గర రెండో ప్రశ్న ఎదురయింది. 1948 ఆగస్టు 27న ఆ ఊరి మీద రజాకార్లు, నైజాం పోలీసులు జరిపిన హత్యాకాండను ప్రభుత్వాలు కూడా స్మరిస్తాయి. స్మరించవలసిందే. అయితే మూడు వారాలకు సైన్యం వచ్చింది, ప్రభుత్వ స్మృతి అక్కడితో ఆగిపోయింది. జైలుకెళ్లిన తాత పోరాటం ఆగలేదు. వెళ్లగొట్టిన దొరలు సైన్యం వెనకాలే తిరిగి వచ్చి భూములు లాక్కోబోయారు గనుక అది 1951 అక్టోబరు దాకా సాగింది. మొత్తం పోరాటంలో సుమారు నాలుగు వేలమంది కమ్యూనిస్టులూ రైతులూ నేలకొరిగారనీ, మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారనీ పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాశారు. కేంద్రం ఇచ్చే స్వాతంత్ర్య సమర పింఛనులో సంస్థాన విలీనోద్యమానికి చోటుంది, విలీనం తర్వాతి భూపోరాటానికి లేదు. మనిషి అతడే, భూమి అదే, దొర అతడే. సెప్టెంబరు 17కు ముందు దేశభక్తుడు, తర్వాత దేశద్రోహి! ఈ లెక్క కట్టిన ప్రభుత్వం దృష్టిలో అసలు నేరం తుపాకీ కాదు, భూమి పంచడం.

ఇక మన ఇంటి సంగతి. 1964లో పార్టీ చీలింది, అమరులను మాత్రం చీల్చలేం గదా! అయినా ఫలానా అమరుడు మావాడంటే మావాడని తగవుపడే సభలు నేను చూశాను. ఈ యాత్రలోనే ఒకచోట ముఖ్య అతిథి కోసం ఈ ముగ్గురిని రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టారు. తర్వాత శాలువా కప్పారు, ఫొటో తీశారు, మైకు మాత్రం ఇవ్వలేదు. అవ్వ పేరు ఎవరూ అడగనే లేదు. తుపాకీ పట్టిన చేతులు శిలల మీదికి ఎక్కాయి, గటక వండిన చేతులు కింద మిగిలాయి. ఆ స్త్రీల మాటలను వారి నోటనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వెలువరించింది. ఎన్నో పాలరాతి స్తూపాలకన్నా ఆ పుస్తకం గొప్ప స్మారకమని నా అభిప్రాయం.

"ముసలితనంలో వారికి ఒక దండ, ఒక దండం దక్కితే అదీ తప్పేనా?" అని కొందరు మిత్రులు నన్ను అడిగారు. తప్పని నేననను. స్తూపాలు కట్టినవారిలో నిజమైన అభిమానం వున్నవారు ఎందరో వున్నారు. కాని దండ వేసి ప్రశ్నను పూడ్చిపెట్టడం తప్పు. వారు పోరాడుతుండగానే 1949లో జాగీర్దారీ రద్దయింది, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాడు కౌలుదారుగా చట్టంలోకి ఎక్కింది ఆ నెత్తురు వల్లనే. పహాణీలో అనుభవదారు పేరు రాసే గడి వుండేదే, ఆ పేద గడి ఎన్ని స్తూపాలకు సాటి! 2017లో మొదలయిన రికార్డుల ప్రక్షాళనతో, 2020 నాటి ధరణితో ఆ గడి పోయింది. స్తూపం మీద ఒక్క రాయి కదిలినా ధర్నాలు చేసే మనం, ఆ గడి పోయినప్పుడు ఎంతమందిమి వీధికెక్కాం? 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మార్పు విన్నాం. కౌలుదారు పేరు కాగితానికి ఎక్కి, అప్పూ సాయమూ పరిహారమూ అతని చేతికి అందితేనే మార్పు అనాలి.

కనుక విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా మనవి ఇది. ఆనాటి యోధులు ఇక చాలా కొద్దిమందే మిగిలారు. వారిని స్తూపాల దగ్గరికి తప్పక తీసుకువెళ్లండి, కాని వేదిక మీద బొమ్మల్లా నిలబెట్టకండి. మైకు ముందు వారికివ్వండి, మీ ఉపన్యాసం తర్వాత చూసుకోవచ్చు. వారు చెప్పే పేర్లు, ముఖ్యంగా ఏ రాతి మీదా లేని ఆడవాళ్ల పేర్లు, లంబాడీల, కోయల పేర్లు రాసుకోండి. పోయేటప్పుడు పూలదండతోపాటు ఆ ఊరి పహాణీ నకలు కూడా పట్టుకుపోండి. ఆనాడు పంచిన భూమి ఈనాడు ఎవరి పేర వుందో, ఎవరు దున్నుతున్నారో సర్వే నంబరువారీగా రాసి, ఊరి నడుమ నిలబడి చదవండి. సెప్టెంబరు 17కు ఏ పేరు తగునో ఆ జాబితా విన్న ఊరివాళ్లే చెబుతారు.